నలభై ఆరో గొట్టం

ఆకు పచ్చగానే ఉంది.
ఈ రోగం తీరే అంత, పైకి ఏమీ తెలియనివ్వదు.
మా పిన్ని ఎంబోడ్జె
దుంపను అడ్డంగా కోసి నా బల్ల మీద పెట్టింది.
తెల్లటి పిండిలో గోధుమరంగు చారలు,
ఎవరో తుప్పుపట్టిన మేకు దించి లాగేసినట్టు.

కిలిఫీ తీరాన కర్రపెండలం పంట కాదు, గాదె.
తవ్వకుండా నేలలోనే ఉంచుతాం
వానలు మొహం చాటేసే ఏడాది కోసం.
ఆ గాదె లోపల్నుంచి కుళ్ళింది.

"మొక్కకు తెలిసిందా?" అంది పిన్ని.
జవాబుకు ఏడాది పట్టింది.

వల ఇంట్లో ఆమె రకం, కరిసా మామ రకం పక్కపక్కనే పెంచాను.
ఒకే పొద్దున రెండింటి మీదా తెల్లదోమల్ని వదిలాను.
రోజుకో ఆకు తుంచి ద్రవ నైట్రోజన్‌లో ముంచి
పింగాణీ కల్వంలో నూరితే
గాజుపెంకులా చిట్లేది.
ఆ క్షణాన ఏ జన్యువు ఏమంటోందో
ఆ మాట సగంలోనే గడ్డకట్టుకుపోయేది.
దాన్ని కరిగించి చదవడం యంత్రం పని.
వినడం నా పని.

మొదట అరిచినవి ఎండ జన్యువులు.
ఫిబ్రవరి మధ్యాహ్నం నేల కాలి
ప్రొటీన్లు మడత ఊడి వేలాడుతుంటే
పరుగున వచ్చి మళ్ళీ మడతపెట్టే ఆయాలు.
వల ఇంట్లో ఎండ లేదు. అయినా వచ్చారు.
కణానికి వైరస్ అనే మాట లేదనుకుంటాను.
దానికి తెలిసినవి వేడి, దాహం, ఉప్పు, గాయం.
కొత్త కష్టాన్ని పాత పేరుతోనే పిలుస్తుంది,
మనలాగే.

దోమ సూది వదిలివెళ్ళింది ఒంటి పేట దారం.
అది తన నకలు తాను రాసుకోబోతే
రెండు పేటలవుతుంది. అక్కడ దొరుకుతుంది.
కణం దగ్గర ఒక కత్తెర ఉంది.
రెండు పేటలు కనబడితే చాలు,
ఇరవై ఒక్క అక్షరాలకొక ముక్క చొప్పున కోసేసి
ముక్కను పట్టుకుని మిగతా దొంగల కోసం తిరుగుతుంది
చొక్కా పీలిక వాసన చూసిన కుక్కలా.

ఇంతవరకు కథ మనదే.

దొంగా తక్కువవాడు కాదు,
ఆ పీలికల్నే దాచేసే చెయ్యి ఒకటి తెచ్చుకున్నాడు.
ఇక ఆ ఆయాలున్నారే,
ఎవరి బిడ్డవని అడగరు.
మడత ఊడి ఎవరొచ్చినా
ఒళ్ళో వేసుకుని సర్ది పంపుతారు.
వైరస్ బిడ్డల్నీ సర్ది పంపారు.
కంచే చేను మేసిందనలేను.
కంచెకు ఆకలి లేదు, అలవాటుంది.

పిన్నికి గిరియామా భాషలో ఇదంతా ఎలా చెప్పను?
ఆయాలన్నాను. కత్తెరన్నాను.
చేతులు తిప్పుతూ కుక్క గురించి కూడా చెప్పాను.
"తెలిసిందన్నమాట. మరి నాకెందుకు చెప్పలేదు?"

కరిసా మామ మొక్క రెండో రోజునే చెప్పింది పిన్నీ,
గొంతెత్తకుండా, ఏ పదో పన్నెండో జన్యువులతో.
నీది తొమ్మిదో రోజున మూడొందల గొంతులతో గోలపెట్టింది.
అప్పటికి వాడు కాండం దిగి దుంప చేరాడు.
అదైనా పక్క ఆకుతోనే చెప్పింది.
నీతో మాట్లాడే నోరు దానికి లేదు.

పాత కొమ్మలు కాల్చెయ్యాలన్నాను. చెప్పాలి కాబట్టి.
"కాల్చి?"
మంచి కొమ్మలు జూలైలో వస్తాయి.
"వాన ఏప్రిల్‌లో వస్తుంది," అంది,
గోడకు ఆనించిన తన కట్ట నెత్తికెత్తుకుంటూ.

నేను అడ్డుపడలేదు.
కల్వం రెండుసార్లు కడిగాను.

మైనస్ ఎనభైలో నలభై ఆరో గొట్టం ఉంది,
ఆమె మొక్క, తొమ్మిదో రోజు.
ఆ మూడొందల నోళ్ళూ ఇంకా తెరుచుకునే ఉన్నాయి.
రేకు మీద మొదటి చినుకులు టపటపమన్నాయి.
కిటికీలోంచి చూస్తే
పిన్ని అడుగులు పెద్దవి చేస్తోంది,
తడి ఆరకముందే నాటాలని.