మాటకు ఇరవై పెసోలు

అచావ్ రేవులో రేడియో స్టేషన్ కిటికీ వెనక
పదకొండేళ్లు కూర్చున్నాను.
అవతలి దీవుల్లో వాళ్లకి కబురు పంపాలంటే
నా దగ్గరికే రావాలి.
తడిసిన ఉన్ని వాసనేసే మనుషులు
పొయ్యి పక్క పేర్చిన కట్టెల్లా
ఒకరికొకరు ఆనుకుని నిలబడేవాళ్లు.
మాటకు ఇరవై పెసోలు.
పేర్లకి డబ్బు తీసుకునేవాళ్లం కాదు.

"అపియావ్‌లో ఓతీలియాకి:
ఆపరేషన్ అయింది. బతికాను. గొర్రెల్ని అమ్మొద్దు."
ఐదు మాటలు. వంద పెసోలు.
ఇంతకంటే మంచిది నేనింతవరకు రాయలేదు.
అప్పట్లో అది నా కంటికి ఆనలేదు.

అప్పట్లో నా సొరుగులో ఒక నోటుబుక్కు.
మొదటి పేజీ నిండా నా సంతకం,
వంకరలు మార్చి మార్చి.
రెండో పేజీ నుంచి తెలుపు.
ఆలూ లేదు, చూలూ లేదు,
పేరు మాత్రం సిద్ధం.

మే నెలలో ఒకరోజు రోసమేల్ వచ్చాడు.
పెళ్లాం ఎర్మిందా ఆస్పత్రిలో కనింది, ఆడపిల్ల.
"అలావ్‌లో మా మామకి చెప్పు:
గురువారం మధ్యాహ్నం. లాంచీ తీసుకురా. దక్షిణపు రేవు."
టోపీలోంచి చిల్లర తీసి లెక్కపెట్టి ఇచ్చి వెళ్లాడు.

ఆ మాటలు బోసిగా కనిపించాయి నాకు.
నా జేబులోంచి నూట ఇరవై పెసోలు కలిపి
ఇలా రాశాను:
"సముద్రం మెత్తబడే రోజున
ఇద్దరు వెళ్లిన దారిన ముగ్గురు తిరిగొస్తున్నారు.
పడవ మనసు ఎరిగినవాడా, ఎదురురా."
గురువారం అన్న మాట లయకి అడ్డం వచ్చింది.
తీసేశాను.

రాత్రి ఏడింటికి అనౌన్సర్ చదువుతుంటే
గోడకి చెవి ఆనించి విన్నాను.
"ముగ్గురు" దగ్గర ఆగాడు, నేను ఆగమన్న చోటే.
నా మాటకి నా ఒళ్లే జలదరించింది.

గురువారం లాంచీ రాలేదు.
ఆరు రోజుల బిడ్డతో, వడగళ్లలో,
వాళ్లిద్దరూ చీకటి పడేదాకా రేవు మెట్ల మీద నిలబడ్డారు.
రొట్టెల కొట్టు ఆవిడ పిలిచి పొయ్యి దగ్గర చోటిచ్చింది.
బిడ్డ బతికింది. అందులో నా గొప్పేం లేదు.

శనివారం వచ్చాడు ముసలాయన బాల్దోవీనో.
కిటికీ ముందు నిలబడి, కోపం కూడా లేకుండా:
"విన్నానమ్మా. బంగాళదుంపలు వలుస్తున్నాను.
ఎవరో కవిత్వం చదువుతున్నారనుకున్నా.
బాగుంది. మాకని అనుకోలేదు."

సిగ్గుమాలిన సంగతి ఇప్పుడు చెప్పాలి.
"మాకని అనుకోలేదు" అన్నది
ఆ రాత్రి నాకు వినపడనేలేదు.
"బాగుంది"ని ఇంటికి తెచ్చుకున్నాను.
చేపల పులుసులో ముంచుకు తిన్నాను,
దాని పక్కనే పడుకున్నాను.
మెట్ల మీద ఎర్మిందా గుర్తొచ్చింది మర్నాడు,
ఆదివారం ప్రార్థన మధ్యలో,
అదీ ఒక మంచి పోలికగా.

ఎందుకు రాస్తావంటే
చాలా జవాబులు నేర్చుకున్నాను తర్వాత.
నోరులేనివాళ్ల కోసం అన్నాను ఒకసారి.
కిటికీ ముందు నిలబడినవాళ్లందరికీ నోళ్లున్నాయి,
ఏ మాట ఖరీదెంతో ఎరిగి వాడే నోళ్లు.
ఒంటరితనం అన్నాను. అబద్ధం కాదు గానీ
ఒంటరితనానికి ఒక కుక్క చాలు.
అన్నీ తీసేస్తే అడుగున మిగిలేది
గోడకి ఆనించిన ఆ చెవి.

ఆ ఏడే ఎర్మిందా మళ్లీ వచ్చింది,
చంటిదాన్ని వీపున కట్టుకుని.
చిల్లర బల్ల మీద పెట్టి
"నేను చెప్పిందే రాయి" అంది.
రాశాను. నాలుగు మాటలు.
ఐదోది కలపాలని చెయ్యి లాగింది, దాచను.

ఇప్పుడు దీవులన్నిటికీ ఫోన్లున్నాయి.
కిటికీకి పలకలు కొట్టేశారు.
నోటుబుక్కు రెండో పేజీ దాటింది.

ఇంకొకటి.
ఆ గురువారం వడగళ్లు పడలేదు.
మామూలు వానే.
వడగళ్లు ఇందాకే, ఇక్కడ కూర్చుని,
నేను కురిపించాను.