సున్నా మీదికి తేవద్దు

సుల్తాన్ బజార్ల మా షాపుకు
ఒక ముసలాయన దాన్ని చేతిరుమాల్ల మూటగట్టి తెచ్చిండు.
పందెం కొలిచే గడియారం.
వెనుక మూత మీద ఇంగ్లీషు అక్షరాలే,
ఇంగ్లీషు మాటలు కావు.
"లోపల చెమ్మ పట్టింది, నడిపియ్యి బిడ్డా.
ముల్లును మాత్రం సున్నా మీదికి తేవద్దు."

అప్పుడు నాకు పందొమ్మిదేండ్లు.
ఉస్తాద్ జుమ్మా నమాజుకు పోయిండు.
ముల్లు కదలకుండ గడియారం ఎట్ల బాగయితది తాతా, అని నవ్విన.
ఆయన నవ్వలే. స్టూలు గుంజుకొని కూసున్నడు.

పేరు ఇస్తారి.
హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ఖానాల
బాయిలర్లకు బొగ్గేసినోడు.
ఫస్లీ పదమూడు వందల ముప్పై నాలుగుల
ఆ బాయిలర్లు చూసెటందుకు డెన్మార్కు నుంచి ఒక దొర దిగిండు.
ఆక్సెల్ అంటే నోరు తిరగక
కూలోళ్లందరు అక్షింతల దొర అన్నరు.

తెల్లారకముందే దొర ఉరికెటోడు,
కట్ట మీద, నిక్కరు మీద,
ఎవ్వరు తరమకుండనే.
టాంగావాలాలు ఆపి "బైఠియే సాబ్" అనెటోళ్లు.
పోలీసు జవాను ఒకడు
దొంగ ఎటు పోయిండని ఆయననే అడిగిండు.
లాంతరు పట్టుకొని ముందల ఉరుకమని
ఇస్తారికి నెలకు రెండు రూపాయలు.
మొదటి నెల రొప్పిండు.
మూడో నెలకు లాంతరు మంట వణకలే.

గటుక తాగుకుంట దొర చెప్పిన ముచ్చట:
చిన్నప్పుడు రొట్టెల బట్టీల పని.
తెల్లారి ఇంటింటికి రొట్టెలు మోసి మోసి
కాళ్లు వాటంతట అవే పరుగు నేర్చినయట.
వాళ్ల దేశంల కొత్తగా దూరపు పందేలు మొదలైన రోజులు.
ఎట్ల ఉరకాల్నో ఎవ్వరికి తెల్వదు.
నీళ్లు తాగితే కడుపు పట్టేస్తదని నీళ్లియ్యలే,
దమ్ము వస్తదని నడుమ బ్రాందీ తాపిన్రు.
అందరికంటె ముందు ఊర్లెకు వచ్చిండు.
జెండా కనపడుతున్నది, బ్యాండు వినపడుతున్నది.
ఇంక మూడు వందల అడుగులు.
అక్కడ భూమి లేచి మొకానికి తగిలింది.
వెంట సైకిల్ మీద వస్తున్న తమ్ముడు
ఏం చెయ్యాల్నో తోచక
గడియారం బొత్తాం నొక్కిండు.

రెండు గంటల యాభై మూడు నిమిషాలు.
తమ్ముడు తర్వాత ఏదో ఓడ మీద పోయి మునిగిండట.
దొర ఆ ముల్లును మల్ల ముట్టలే.

కట్ట మీద కూడ అంతే.
ఎంత జోరు మీదున్నా
కార్ఖానా గేటుకు మూడు వందల అడుగుల కాడ ఆగెటోడు.
మిగిలింది నడక, లుంగీ కట్టిన రైతు లెక్క, చేతులు వెనుకకు పెట్టి.
ఎందుకని ఇస్తారి అడగలే.
అడిగే మాట కాదది.

ఆరేండ్లకు మలేరియా.
కోయినైను చేదుకు మొకం మాడ్చి
ఆఖరి రాత్రి తన భాషల ఏందో లెక్కబెట్టిండు.
నారాయణగూడ గోరీలకు తీసుకపోతున్నప్పుడు
జనం పదిమంది లేరు.
గేటు దూరంగ కనపడంగనే
ఇస్తారి లాంతరు ఎత్తిండు, పట్టపగలు,
చెప్పులిడిచి ఉరికిండు.
పాడె పట్టినోళ్లు పిచ్చోడన్నరు.
గేటు ఇనుము కాలుతున్నది.
రెండు చేతుల పట్టుకున్నడు.

ఇంత చెప్పి ఇస్తారి నీళ్లడిగిండు.
గడగడ తాగలే, గుక్క గుక్క ఆపి తాగిండు.

నేను మూత తెరిచిన.
తుప్పు తీసిన, నూనె చుక్కేసిన,
తెగిన స్ప్రింగు మార్చిన.
ముల్లును చిమటాతోని లేపి
తెల్లకాగితం మీద పండవెట్టిన,
కోణం పెన్సిలుతో గీసి పెట్టుకొని.
పని అయినంక అదే కోణంల కూర్చిన.
గుండె కొట్టుకుంటున్నది, నాదో దానిదో.
లోపల చక్రాలు తిరుగుతున్నయి,
పైన రెండు గంటల యాభై మూడు నిమిషాలు.

ముసలాయన చెవి కాడ పెట్టుకొని విన్నడు.
నాలుగణాలంటే ఆరు అణాలిచ్చిండు.
ఉస్తాద్ వచ్చి రాతపుస్తకం చూసి
"రిపేరు ఏం జేసినవ్‌రా?" అన్నడు.
ఆ గడిల నేను రాసింది:
నడుస్తున్నది. ముట్టలే.