కొక్కెం మీద చుట్టు

కూర్చో మార్సలీ.
దీపాన్ని ఎడమపక్కకి లాక్కో, నీది కుడివాటం,
నీ నీడ నీ పనిమీద పడకూడదు.
కొక్కేన్ని పట్టులో బిగించు. మరీ అంత వద్దు,
విసుక్కుంటే ఉక్కైనా విరుగుతుంది.

ముందు తేలే ఈగ.
మెడచుట్టూ కోడిపుంజు ఈక, ముదురుది, నీళ్ళు పీల్చనిది.
మూడు చుట్లు చాలు, నాలుగోది దురాశ.
నీటిమీద వదిలితే మునివేళ్ళ మీద నిలబడాలి,
ఆదివారం ప్రార్థనకి ఆలస్యంగా వచ్చినదానిలా.

మునిగేదానికి కౌజుపిట్ట ఈక.
మెత్తగా ఉండాలి, ప్రవాహంలో
ఊపిరి తీస్తున్నట్టు కదలాలి.

ఇంకా అడుగున, రాళ్ళసందుల్లో పాకే పిల్లపురుగు:
కుందేలు చెవిబొచ్చు, పైన రాగితీగ.
అందంగా కట్టకు.
ఎంత చిందరవందరగా ఉంటే చేపకి అంత నమ్మకం.
మా ఆయన గడ్డంలా ఉంటే సరిపోతుంది.

వీటి మధ్యది ఒకటుంది,
సగం పుట్టినది,
పొట్టు విప్పుకుంటూ నీటిపొరకి చిక్కుకున్నది.
చేపలన్నిటికీ ఇదంటేనే ప్రాణం.
ఎగరలేనిదాన్ని ఎవరు వదులుతారు?

అసలు ఈగని దగ్గరగా చూశావా, మే నెలలో వచ్చేదాన్ని?
రెండేళ్ళు బురదలో పడుంటుంది,
రెక్కలొచ్చాక ఒక్కపూట.
పనిచేసే నోరు కూడా ఉండదు దానికి.
ఒక్కపూట బతుక్కి తిండెందుకు అనుకున్నాడేమో దేవుడు.
నేను కట్టినవి మాత్రం
నలభై ఏళ్ళుగా రేకుడబ్బాల్లో చెక్కుచెదరలేదు.
ప్రాణం లేకపోవడంలో ఆ సుఖం ఉంది.

ఇక ఆ కింది సొరుగు తియ్యి. మెల్లిగా.
ఇవి సాల్మన్‌కి.
ఈగలంటాం గానీ ఏ గుడ్డులోంచీ ఇలాంటిది పుట్టలేదు.
ఈ వెండిపొట్టది సిల్వర్ డాక్టర్,
నల్లరెక్కల పక్కన నీలం మెడ ఉన్నది బ్లూ చార్మ్.
చెంపన కన్నులా మెరుస్తోందే, ఆ ఈక
ఇండియాలో ఏదో కొండ అడవికోడిది.
ఆ అడవి నేను చూడలేదు,
ఈ సదర్లాండ్ చలి ఆ కోడి చూడలేదు.
ఇప్పుడు రానివ్వరు. మా నాన్న దాచిన తోలు ఒక్కటే మిగిలింది,
ఏడాదికి రెండు ఈకలు, లెక్కపెట్టి పీకుతాను.

ఒక సంగతి విను.
సముద్రం వదిలి ఏరెక్కాక సాల్మన్ ఏమీ తినదు.
కడుపు ముడుచుకుపోతుంది.
మరెందుకు కరుస్తుంది?
కోపమంటారు కొందరు, చిన్ననాటి ఆకలి గుర్తొస్తుందంటారు ఇంకొందరు.
బసకొచ్చిన దొరలు తెల్లారేదాకా
విస్కీతో తేల్చుకోజూస్తారు, తేలేది సీసాలే.
తినని చేప, ఈగ కాని ఈగ,
ఒక్కనాడూ గాలం ముట్టని నేను.
ఈ ఇంటి పైకప్పు ఆ మూడింటి మీదే నిలిచింది.

పోయిన సెప్టెంబరులో
ఏటికాపరి టార్క్విల్ తడిచేతులతో లోపలికొచ్చాడు.
ముసలి ఆడచేపట, రెండోసారి ఏరెక్కినది,
దాని దవడలో దొరికిందంటూ
ఒక తుప్పుముక్క బల్లమీద పెట్టాడు.
ఈకల్లేవు, రంగుల్లేవు.
నాకిప్పుడు కళ్ళకి పొర కమ్మింది కదా, గోటితో తడిమాను.
దారం తిరగేసి చుట్టి ఉంది.
ఈ లోయలో ఎడమచేత్తో కట్టేది నేనొక్కదాన్నే.
సముద్రమంతా తిరిగొచ్చింది, నా ముడి వీడలేదు.

గర్వపడ్డాను.
ఆ రాత్రి నిద్రపట్టలేదు.
రెండూ గుర్తుపెట్టుకో.

ఊఁ, దారం తీసుకో.
నన్ను చూసి తిరగేసి చుట్టకు,
నీ చేతికొచ్చినట్టే చుట్టు.
రేపు ఏ చేప నోట్లోంచి బయటపడినా
అది నీదని నీ గోటికి తెలియాలి.