సోమలింగం ఫీజు

ఆలు లేదు, చూలు లేదు,
సోమలింగం స్కూలు ఫీజు లెక్కేస్తున్నాను.

హల్ ఊళ్లో రేవు పక్క ఖాళీ జాగాలో
ఇప్పటికి ఉన్నవి నాలుగు గూటాలు, ఒక తాడు,
ఎవరో వదిలేసిన ఎడమచేతి తొడుగు.
ఫిలిప్పా గీసిన మేడ ఇంకా పల్చటి కాగితం మీదే ఉంది.
ఆరంతస్తులు. పడమరంతా అద్దం.

"ముప్పై ఏళ్లు నడపడానికి ఎంతవుతుంది?"
డబ్బు పెట్టే ఆయన అడిగాడు,
టీలో బిస్కెట్ ముంచుతూ.

ఏం చెప్పను?
జూన్ నాలుగింటి ఎండకి చల్లదనం కొనాలి.
హంబర్ మీంచి కొట్టే జనవరి గాలికి వెచ్చదనం కొనాలి.
సముద్రపు కాకులు పైకప్పు అద్దాన్ని వదలవు,
తాళ్లు కట్టుకుని దిగి కడిగే మనుషులు కావాలి.
లాబీలో నలభై అడుగుల ఎత్తున వేలాడే
ఆ ఒక్క దీపం మాడితే
మార్చడానికి క్రేను అద్దె.
రాత్రి పదకొండింటికి ఖాళీ అంతస్తులు తుడిచే ఒకామె కోసం
వెలిగే దీపాలూ నా పద్దులోవే.
ఆమె పేరు తెలీదు. గంటకూలి తెలుసు.
ఆమె బహుశా ఇంకా బడికెళుతోంది.

అడుగున రాశాను: ఇరవై శాతం అటూ ఇటూ.
నిజానికి ముప్పై. భయమేసి ఇరవై అన్నాను.

ఫిలిప్పా ఆ కాగితం చాలాసేపు చూసింది.
రబ్బరు తీసి
పడమటి గోడలో సగం అద్దం చెరిపింది.
ఏమీ అనలేదు. పొట్టు ఊదేసింది.

బల్ల మీంచి రాలిన ఆ పొట్టులో
ఎన్ని వేసవులున్నాయో
బస్సులో కూచుని లెక్కేశాను.
తప్పుగానే వేసుంటాను.