పదకొండు నిమిషాలు

"గౌరవనీయులైన మిసెస్ ఓల్డ్‌రాయిడ్ గారికి" అని రాసి
టీ పెట్టుకోవడానికి లేచాను.
టీ చల్లారిపోయింది. ఉత్తరం అక్కడే ఉంది.

పెద్దవాళ్లకి చదవడం, రాయడం నేర్పే ఉద్యోగం.
వారానికి రెండు సాయంత్రాలు,
చేపల రేవు వెనక పాత చర్చి హాల్లో.
కావలసినవి: అనుభవం, ఓర్పు,
ఒక్క పేజీ మించని ఉత్తరం.

నా అనుభవం ఇరవై మూడేళ్ల స్టీరింగు.
గ్రిమ్స్‌బీ రేవు నుంచి క్లీథార్ప్స్ చివరి స్టాపు దాకా
చేపల పొగ వాసనేసే కోట్లనీ
తడిసిన గొడుగుల్నీ, తడిసిన కుక్కల్నీ మోశాను.
ఓర్పంటే ఏమిటని అడిగితే
తలుపు దగ్గర చిల్లర లెక్కపెట్టే ముసలమ్మనీ
ఆవిడ వెనక వానలో నిలబడ్డ క్యూనీ చూపిస్తాను.
ఇది ఉత్తరంలో రాయొచ్చా?
రాశాను. కొట్టేశాను.
"బోధన పట్ల నాకు ఎనలేని మక్కువ" అని రాశాను.
అదీ కొట్టేశాను.
నా నోట్లోంచి ఏనాడూ రాని మాట
చేతిలోంచి మాత్రం ఎందుకు రావాలి?

అసలు రాయాల్సింది వేరే ఉంది.

సాయంత్రం అయిదూ నలభైకి ఒకతను ఎక్కేవాడు.
చేపలు కోసే చేతులు, వేళ్లకి నీలం ప్లాస్టర్లు.
బస్సు నుదుటి మీద ఊరి పేరు దీపాలతో వెలుగుతుంటే
"ఇది క్లీథార్ప్స్ వెళ్తుందా?" అని అడిగేవాడు.
"కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను" అనేవాడు.
ఆరేళ్లు. ఒక్కనాడూ ఆ కళ్లజోడు గుర్తురాలేదు.
మా నాన్నా అంతే.
హోటల్లో మెనూ తిరగేసి
"నువ్వేది తింటే నాకూ అదే" అనేవాడు.
గిట్టని లివరు ముక్కలు ఎన్నిసార్లు మింగాడో.

చివరి స్టాపులో బస్సు ఆగేది పదకొండు నిమిషాలు.
ఒకరోజు ఇంజను ఆపేసి, ఒక్క దీపం ఉంచి
టికెట్ల చుట్ట వెనక, తెల్లటి వైపున
ఒక అక్షరం రాసి ముందు పెట్టాను.
అతనేమీ అనలేదు. దాని మీదే దిద్దాడు.
మర్నాడు మళ్లీ దిద్దాడు.
సముద్రం వెనక్కి తగ్గి బయట బురద మెరిసేది,
దూరంగా గాలిమరలు, వాటి పని వాటిది.
అలా రెండు చలికాలాలు.

ఒక రాత్రి కూతురు పంపిన పుట్టినరోజు కార్డు తెచ్చాడు.
కవరు మీద తన పేరు చదివాడు, లోపల ఆమె పేరు చదివాడు,
మధ్యలో ఉన్న మూడు వాక్యాలకి
బస్సు నాలుగు నిమిషాలు ఆలస్యమైంది.
ట్రాఫిక్ అని ఆఫీసుకి చెప్పాను.

ఇది రాస్తే ఉద్యోగం నాదే.
కానీ మొదటి రోజే మాట తీసుకున్నాడు:
"ఎవరికీ చెప్పకు. రేవులో నవ్వుతారు."

అందుకని ఆ చోట
"కొంత అనధికారిక అనుభవం కలదు" అని రాశాను.
ఉప్పు వెయ్యని చేపలా ఉంది వాక్యం.

నిన్న చదువుతానని అడిగి తీసుకున్నాడు.
వేలు పెట్టి, పెదాలు కదుపుతూ,
"అనధికారిక" దగ్గర ఆగి గొంతు సవరించుకుని,
సంతకం దాకా చదివాడు.
తన సంగతి లేదేమని అడగలేదు.
"ఇక్కడ ఒక అక్షరం పోయింది" అన్నాడు.

నిజమే, పోయింది.
ఇరవైసార్లు చూసిన నాకు కనపడనేలేదు.
చేపల పెట్టెల మీద లెక్కలేసే పెన్సిలు
చెవి మీంచి తీసి
దిద్దాడు.

కొత్త కాగితం మీద మళ్లీ రాయొచ్చు.
కాగితాలకేం కొదవ లేదు.
అలాగే మడిచి కవర్లో పెట్టాను,
మిగతా వాటికంటే కాస్త లావుగా
ముందుకు వాలి నిలబడ్డ ఆ ఒక్క అక్షరంతో.

పోస్టు డబ్బా మూడో స్టాపు పక్కనే.
బస్సాపి దిగాను.
ఎవరూ విసుక్కోలేదు,
ముసలమ్మ ఇంకా చిల్లర లెక్కపెడుతోంది.