సుట్టిందెవులు

ఆషాఢం మొదటి వానకి
లావేరు నుంచి గిరయ్య అనే కుర్రాడు
పెరుగు కప్పులో ఒక వరి మొలక తెచ్చాడు.
తెల్లటిది. ఉడికిన సేమియా పోగంత తెలుపు.
"నారుమడంతా పచ్చగుంది మేడమ్,
ఇదొక్కటే ఇలాగొచ్చింది.
మా బాబు పీకి పారేత్తంటే నానే ఆపినాను."

మొలక కింద గింజ,
గింజలో ఇంకో నాలుగు రోజుల పాలు.
నేను బోర్డు మీద చెప్పింది అతనికి గుర్తుంది:
ఆకు పచ్చదనం ఆకుది కాదు,
ఆకులో కాపురముండే హరితరేణువులది.
వాటికి సొంత డీఎన్ఏ ఉంటుంది,
కేంద్రకంలో ఉన్నదానితో కలవకుండా,
అత్తింట్లో ఎవరికీ విప్పి చూపని
పుట్టింటి మూటలాగ.

ఆ రాత్రి శ్రీకాకుళం కాలేజీ ల్యాబ్‌లో
కిటికీలకి నల్లగుడ్డ కట్టి
ముందు ఒక పచ్చ ఆకు ముక్కకి రంగు పట్టించి చూశాను.
ఎర్రగా వెలిగే ఒక్కో రేణువులో
నీలం చుక్కలు. పది, పన్నెండు,
లెక్కపెడుతుంటే కరెంటు పోయింది.
చీకట్లో అవి నా కంటి లోపల కాసేపు ఉన్నాయి.

ఒక్కో చుక్క ఒక ఉండ.
విప్పి చాపితే అందులో ఒక్క పోగే
రేణువుకి పదింతలు పొడుగు.
కేంద్రకంలో అయితే చుట్టడానికి హిస్టోన్లున్నాయి,
కండెల్లాగ, వరసగా, ఒకే కొలతవి.
ఇక్కడ ఆ కండెల్లేవు.
ఒక ప్రోటీన్ పోగుని వంచుతుంది,
ఒకటి రెండు పోగుల్ని దగ్గరికి లాగి పట్టుకుంటుంది,
ఒకటి ఉండని పొరకి కుట్టేస్తుంది,
లేత ఆకులో అంచు పొరకి,
ఆకు ముదిరాక లోపలి పొరలకి.
గంధకం పని చూసుకునే ఎంజైమ్ ఒకటుంది,
దాని కొలువు వేరు,
బఠానీ ఆకులో అదే వచ్చి డీఎన్ఏ మూట కూడా కడుతుంది,
మా అటెండరు దాలయ్య
గంట కొట్టొచ్చి లైబ్రరీ కూడా చూసుకున్నట్టు.

ఆదివారం పొందూరు వెళ్ళాను.
అసిరి పిన్ని వాలుగ చేప దవడతో
పత్తి దువ్వుతోంది. అరటి దొప్పలో ఏకులు,
చీర మీద, కనుబొమ్మల మీద నూగు.
నాకు వచ్చినంత చెప్పాను.
తలెత్తకుండా విన్నది.
"పోగుంది, సరే. సుట్టిందెవులు?"
"ప్రోటీన్లు, పిన్నీ."
"ఆటినెవులు సేసినారు?"
"చాలావరకు బయటే తయారవుతాయి.
కేంద్రకం రాసిచ్చిన చీటీ మీద.
తర్వాత రెండు గోడలు దాటి లోపలికొస్తాయి."
"అయితే ఇంట్లో నూలుకి ఈదిలో మనుసులు కాపలా"
అని నవ్వి, రాట్నం ఆపి,
దారాన్ని గోటితో మీటి చూసింది.
"బిగిత్తే తెగిపోద్ది. ఒగ్గేత్తే సిక్కడిపోద్ది.
ఆ కొలత సేతికి రాడానికి
నాకు నలపై ఏళ్ళు పట్టింది.
మీ పోటీన్లకెంత పట్టిందో."

మరీ బిగిసిన ఉండని కణం చదవలేదని,
మరీ వదులైంది నిలవదని
నా నోట్సులో రెండు పేజీలుంది.
పిన్ని ముందు అది తీయలేదు.
వరిలో ఆ పోగు తల్లి వైపు నుంచే వస్తుందని మాత్రం అన్నాను.
"ఈ కదురు మా అమ్మదే" అంది,
ఇంకో ఏకు అందుకుంటూ.

సోమవారానికి మొలక కొస ముడుచుకుంది.
గింజ నొక్కితే పొట్టు.
ఏ ప్రోటీన్ రాలేదో, ఏ చుట్టు తప్పిందో
చూసి చెప్పలేను. ఆకు తెల్లబడ్డానికి
దారులు చాలా ఉన్నాయి.
"పారేద్దుమా మేడమ్?"
ఆగమని, మిగిలిన అంగుళంలో
గోరంత ముక్క కోసి, రంగు వేసి, అద్దం కింద పెట్టాను.

ఎర్ర వెలుగు లేదు.
నీలం ఉంది. పలచగా, చెదిరి,
బస్టాండులో ఆఖరి బస్సు పోయాక మిగిలినవాళ్ళలాగ.

గిరయ్య ఒక కన్ను మూసి
చాలాసేపు అద్దం వదల్లేదు.
"ఎన్నున్నాయి?" అన్నాను.
"ఉండండి మేడమ్, లెక్కెడతన్నాను."