ఎనిమిదో బల్బు

మాడిపోయిన బల్బును ఉన్ని మేజోడులో చుట్టి తెచ్చి
కౌంటర్ మీద పెట్టింది ఎలునెడ్.
"ఇలాంటిదే కావాలి. కానీ ఇంత తినకూడదు."

వేల్స్ కొండల్లో మా ఊరికి ఆ రోజు కూడా వానే.
పలకరాతి గుట్టల మీద, బస్ స్టాప్ మీద,
'టెక్విన్ అండ్ డాటర్, మేకులు, రంగులు, కెటిళ్లు'
అన్న మా బోర్డు మీద.
ఆ డాటర్ని నేనే.

బల్బును వేళ్ల మధ్య తిప్పి చూశాను.
వెనక రెండు పొట్టి కాళ్లు. గుచ్చి తిప్పితే బిగిసే రకం.
యాభై వాట్లు.
"ఇలాంటివి ఎన్నున్నాయి?"
"ఎనిమిది. మా ఇద్రిస్ అది వంటిల్లు అనుకోలేదు,
నాటకాల స్టేజీ అనుకున్నాడు."

బంగాళదుంప చెక్కు తీయడానికి
నాలుగు వందల వాట్లు!

"ఐదు వాట్లది చాలు" అన్నాను.
"ఐదుతో ఏం కనిపిస్తుంది, నా మొహం?"
వాట్లు తిండి లెక్క,
ల్యూమెన్లు పని లెక్క అని చెప్పాను.
కాసేపు ఆలోచించి
"అయితే ఇద్రిస్‌కి వాట్లెక్కువ" అంది.

చవకవే తీసుకుంది, తెల్లటి తెలుపువి.
చెప్పబోయాను. ధర చూసిన కళ్లకు రంగు ఆనదు.

మూడో రోజు తిరిగొచ్చింది.
"సూపు గిన్నె ముందు మా ఆయన
శవాల గదిలో కూర్చున్నట్టున్నాడు.
వెన్న పాలిపోయింది.
క్యారెట్టు జ్వరం పడి లేచినట్టుంది."
మార్చి ఇచ్చాను.
రెండువేల ఏడువందల కెల్విన్లు, పొయ్యిలో నిప్పు రంగు.
కోణం ముప్పై ఆరు డిగ్రీలు:
బల్ల మీద వెలుగు, మూలల్లో కాస్త నీడ.

తర్వాత ఫోను చేసింది, మాట్లాడలేదు.
రిసీవర్‌ను కప్పు వైపు ఎత్తి పట్టింది.
జుమ్మ్...
పాత డిమ్మర్.
నాలుగు వందలు మోసిన భుజం
నలభై ఇచ్చేసరికి ఏం చేయాలో తెలియక గొణుగుతోంది.
రిటైరైన మొదటి నెలలో నాన్న గుర్తొచ్చాడు.

నిచ్చెనతో వెళ్లి, మెయిన్ ఆపి, డిమ్మర్ మార్చాను.
ఇల్లు నిశ్శబ్దమైంది.
ఇద్రిస్ దీపాల కింద నిలబడి అరచెయ్యి చాచాడు,
వాన వెలిసిందా అని చూసేవాళ్లలా.
"వేడి లేదు" అన్నాడు.
"డబ్బు పెట్టింది అందుకేగా" అంది ఎలునెడ్.

ఈసారి వచ్చినప్పుడు
మేజోడు లేదు, బల్బు లేదు.
చేతులు కట్టుకుని నిలబడింది.
"పిండి పొంగడం లేదు."

ఏ పిండి?

శుక్రవారం రాత్రి ఈస్టు కలిపిన పిండిగిన్నె మీద గుడ్డ కప్పి
అలమర మీద పెడుతుందట,
సరిగ్గా ఎనిమిదో బల్బు కింద.
ఇరవై రెండేళ్లుగా.
అది వంటింట్లో వెచ్చని మూల అని తెలుసు.
ఎందుకు వెచ్చనో ఎవరూ అడగలేదు.
ఇప్పుడా గిన్నెలో పిండి
మా ఊరి గుట్టల్లో ఇంకొకటిలా కూర్చుంటోంది.

కొత్త బల్బు అట్టపెట్టె తిప్పి మళ్లీ చదివాను.
ఎన్ని వేల గంటలో ఉంది, ఎన్నిసార్లు వెలిగి ఆరగలదో ఉంది.
పిండి గురించి లేదు.
పాతవాటిలో పదికి తొమ్మిది వంతులు వేడికే దండగ అని
ఇదే కౌంటర్ మీద మోచెయ్యి ఆనించి
ఎంతమందికి చెప్పానో.
దండగ.
ఆ మాట ఈసారి గొంతులోనే ఆగింది.

వెనక గదిలో, నాన్న పారేయనివ్వని డబ్బాలో
పాత హాలోజెన్లు మూడు దొరికాయి.
ఒకటి దుమ్ము తుడిచి తెచ్చాను.
"ఏడూ అలాగే ఉండనీ.
దీనికి వేరే స్విచ్చి పెడతాను.
శుక్రవారం వెయ్యి, పిండి పొంగగానే తీసెయ్యి."
"ఇద్రిస్ రోజూ వేస్తాడు."
"స్విచ్చి అలమర లోపల పెడతాను."
మొదటిసారి నవ్వింది.

సాయంత్రం షాపు మూసే ముందు
అమ్మకాల పుస్తకంలో రాశాను:
హాలోజెన్, యాభై వాట్లు, ఒకటి.
పక్కన ఖాళీ గడిలో,
లెక్కలు చూసే అతను ఏమనుకుంటే అనుకోనీ,
'రొట్టె కోసం' అని.